బస్తీ బడి లెక్క తెలుసుకోవడం ఎలా: పాలన, నిధులు, పిల్లల చదువు

హైదరాబాద్‌లో మీ బస్తీ సర్కారు బడి ఎలా నడుస్తోందని ఎవరినైనా అడిగితే పదో తరగతి ఫలితాల గురించో, గోడలకు కొత్తగా వేసిన రంగు గురించో, మధ్యాహ్న భోజనం గురించో చెబుతారు. ఇవేవీ అబద్ధాలు కావు. అయితే వీటితో బడి అసలు పరిస్థితి తెలియదు. బడి విషయంలో ఏ నిర్ణయం ఎవరి చేతిలో ఉంది, ఏ డబ్బు ఎక్కడి నుంచి వచ్చి దేనికి ఖర్చవుతోంది, మూడో తరగతి చదివే పిల్ల ఒక పేరాను తడబడకుండా చదవగలుగుతోందా అనే మూడు ప్రశ్నలను ఒకదానితో ఒకటి ముడిపెట్టి చూసినప్పుడే లోపం ఎక్కడుందో, దాన్ని సరిచేయగలిగిన వారు ఎవరో బయటపడుతుంది. బడిలో పిల్లలున్న తల్లిదండ్రులు, మహిళా సంఘాల సభ్యులు, పిల్లలు లేకపోయినా తమ వీధి బడి నిలబడాలని కోరుకునేవారు ఈ పని ఎలా చేయవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

చాలామంది ఈ పనిని డబ్బుతో మొదలుపెడతారు. గ్రాంటు ఎంత వచ్చింది, అది ఏమైంది అన్నదే వారి మొదటి ప్రశ్న అవుతుంది. పిల్లల సంఖ్యతోనూ ఉపాధ్యాయ పోస్టులతోనూ మొదలుపెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. ప్రభుత్వ బడికి రావలసిన టీచర్లు, గ్రాంట్లు, బియ్యం, పుస్తకాలు అన్నీ పిల్లల సంఖ్యను బట్టే వస్తాయి. సంఖ్య పడిపోతే టీచర్ పోస్టు పోతుంది, పోస్టు పోతే ఒకే టీచరు రెండు మూడు తరగతులను కలిపి చెప్పవలసి వస్తుంది, చదువు వెనకబడుతుంది, అది చూసి మరికొందరు తల్లిదండ్రులు పిల్లలకు టీసీ తీసుకుని ప్రైవేటు బడిలో వేస్తారు. నగరంలో ఎన్నో చిన్న బడులు చిక్కిపోయిన దారి ఇదే. కాబట్టి ఆ దారి మొదట్లోనే చూడటం మంచిది.

ఏ బడి ఎవరి కింద ఉంది

హైదరాబాద్ రెవెన్యూ జిల్లాలో 16 మండలాలు ఉన్నా, గ్రామాలు లేవు కాబట్టి మండల పరిషత్ బడులు కూడా లేవు. ఇక్కడి సర్కారు బడులు నేరుగా రాష్ట్ర విద్యాశాఖ కింద నడుస్తాయి. ఇతర జిల్లాల్లో మండల విద్యాధికారి చేసే పనిని ఇక్కడ డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ స్కూల్స్ చేస్తారు. ఆ పైన ఉప విద్యాధికారి (డిప్యూటీ ఈఓ), జిల్లా విద్యాధికారి (డీఈఓ), సైఫాబాద్‌లోని పాఠశాల విద్యా సంచాలకుల కార్యాలయం ఉంటాయి. ఇది తెలియక అర్జీని జీహెచ్ఎంసీ వార్డు కార్యాలయంలో ఇచ్చి నెలల తరబడి ఎదురుచూసేవారు ఉన్నారు. చెత్త, వీధి దీపాలు, బడి ముందు రోడ్డు మునిసిపాలిటీ చూసుకోవలసినవి. టీచరు, తరగతి గది, పుస్తకం విద్యాశాఖ చూసుకోవలసినవి.

మీ బడిని ఒంటరిగా చూడకుండా, అది ఏ స్కూల్ కాంప్లెక్స్‌లో ఉందో కూడా తెలుసుకోవాలి. ఒక ఉన్నత పాఠశాలను కేంద్రంగా చేసుకుని చుట్టుపక్కల ప్రాథమిక, ప్రాథమికోన్నత బడులను కలిపితే అది ఒక కాంప్లెక్స్. 1964–66 నాటి కొఠారీ కమిషన్ ఈ ఆలోచనను సూచించగా, 2020 జాతీయ విద్యా విధానం మళ్లీ ముందుకు తెచ్చింది. మీ ప్రాథమిక బడిలో ఐదో తరగతి ముగించిన పిల్లలు ఆరో తరగతికి ఎక్కువగా ఆ కాంప్లెక్స్ ఉన్నత పాఠశాలకే వెళతారు కాబట్టి, ఐదులో మిగిలిపోయిన లోపం ఆరులో ఎవరి బల్ల మీదకు చేరుతుందో అక్కడ కనిపిస్తుంది. నాలుగైదు బడుల లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక బడి కథలో కనబడనివి కూడా తేలిపోతాయి. మీ బడిలో ఏడాదిగా టీచరు లేకపోవడానికి, పక్క బడిలో పిల్లలకు మించి టీచర్లు ఉండటానికి ఉన్న సంబంధం అలాంటిదే.

పిల్లల సంఖ్య, టీచర్ పోస్టులు

దేశంలోని బడుల వివరాలన్నీ నమోదయ్యే యూడైస్ వ్యవస్థలో ప్రతి బడికి 11 అంకెల కోడ్ ఉంటుంది. తెలంగాణ బడులకు అది 36తో మొదలవుతుంది. బడి బోర్డు మీదనో, పిల్లల టీసీ మీదనో, ప్రధానోపాధ్యాయుల దగ్గరనో అది దొరుకుతుంది. యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో 'నో యువర్ స్కూల్' అన్న చోట ఆ కోడ్ కొడితే బడి రిపోర్టు కార్డు వస్తుంది. అందులో తరగతివారీగా పిల్లలు, టీచర్లు, గదులు, మరుగుదొడ్లు, నీళ్లు, కరెంటు వివరాలు ఉంటాయి. ఈ లెక్కలకు సెప్టెంబరు 30ని ప్రామాణిక తేదీగా తీసుకుంటారు. జూన్‌లో చేరి ఆగస్టులో వెళ్లిపోయిన పిల్లవాడు ఈ లెక్కలోకి రాడు. వలస కుటుంబంతో దసరా తర్వాత వచ్చిన పాప కూడా రాదు. కట్టడాల దగ్గర పనికి వచ్చే కుటుంబాలు ఎక్కువగా ఉండే బస్తీల్లో దీని ప్రభావం చిన్నది కాదు. అందుకే పిల్లలను బడిలో చేర్పించే బడిబాట కార్యక్రమం సమయంలో మాత్రమే కాకుండా, సెప్టెంబరు మొదటి వారంలో ఒకసారి బస్తీ తిరిగి, బడి ఈడు పిల్లలు ఎవరు ఇంటి దగ్గర ఉన్నారో చూసి చేర్పించడం మీరు చేయగలిగిన అత్యంత విలువైన పని.

ఎందుకో చెప్పాలంటే విద్యాహక్కు చట్టం అనుబంధం చూడాలి. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న ఈ చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఉన్న బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు, 121 నుంచి 200 వరకు ఐదుగురు ఉండాలి. పిల్లలు 150 దాటితే అదనంగా ప్రధానోపాధ్యాయులు ఉండాలి. 58 మంది ఉన్న బడిలో ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లు. మరో ముగ్గురు పిల్లలు చేరితే చట్టం మూడో టీచరును ఇవ్వమంటుంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు తరగతికి కనీసం ఒక టీచరు, ప్రతి 35 మందికి ఒకరు ఉండాలి; గణితం–సైన్సు, సాంఘిక శాస్త్రం, భాషలకు విడివిడిగా టీచర్లు ఉండాలి.

ఈ చట్టంలోనే మూడు నిబంధనలను తల్లిదండ్రులు దగ్గర పెట్టుకోవాలి. ఈ నిష్పత్తిని జిల్లా సగటుగా కాకుండా ప్రతి బడిలోనూ పాటించాలని 25వ సెక్షన్ చెబుతుంది. ఒక బడికి నియమించిన టీచరును మరో బడిలోనో కార్యాలయంలోనో పనిచేయించకూడదని కూడా అదే సెక్షన్ అంటుంది. మంజూరైన పోస్టుల్లో ఖాళీలు పది శాతం దాటకూడదని 26వ సెక్షన్ చెబుతుంది. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఇతర పనులకు టీచర్లను వాడకూడదని 27వ సెక్షన్ చెబుతుంది.

అయితే ప్రధానోపాధ్యాయులను 'ఎంతమంది టీచర్లున్నారు' అని అడిగితే సరిపోదు. మంజూరైన పోస్టులు ఎన్ని, వాటిలో నియమితులైనవారు ఎందరు, వారిలో ఈ రోజు ఈ బడిలోనే పాఠం చెబుతున్నవారు ఎందరు, సర్దుబాటు పేరుతో లేదా డిప్యుటేషన్ మీద బయట ఉన్నవారు ఎందరు, బయటి నుంచి ఇక్కడికి వచ్చినవారు ఎందరు అని విడివిడిగా అడగాలి. కాగితం మీద నలుగురున్న బడిలో ఇద్దరే పాఠం చెబుతుండవచ్చు. ఉన్నత పాఠశాల అయితే సబ్జెక్టువారీగా అడగాలి. ఇక్కడ మీడియం కూడా ముఖ్యం. నగరంలో ఒకే ఆవరణలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మీడియం తరగతులు పక్కపక్కనే నడుస్తుంటాయి. గణితం స్కూల్ అసిస్టెంట్ (సబ్జెక్టు టీచరు) ఉన్నారని రికార్డు చెప్పినా, ఉర్దూ మీడియం పిల్లలకు ఆ భాషలో చెప్పేవారు ఉన్నారా అన్నది వేరే ప్రశ్న.

డబ్బు: పెద్దది ఎక్కడ ఉంది, చిన్నది ఎక్కడ ఉంది

ప్రభుత్వ బడి మీద అయ్యే ఖర్చులో అతి పెద్ద భాగం జీతాలు. అవి బడి ఖాతాలోకి రావు, తల్లిదండ్రులు సభ్యులుగా ఉండే బడి కమిటీ చేతుల మీదుగానూ పోవు. ప్రభుత్వ ఖజానా నుంచి నేరుగా టీచర్లకు చేరతాయి. కమిటీ చూడగలిగే గ్రాంటు ఆ మొత్తం ముందు చాలా చిన్నది. 2020 వేతన సవరణ ప్రకారం ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్ (ఎస్‌జీటీ) మూల వేతనం 31,040 రూపాయల దగ్గర మొదలవుతుంది. డీఏ, ఇంటి అద్దె కలపకుండానే ఏడాదికి అది 3,72,480 రూపాయలు. 90 మంది పిల్లలున్న బడికి రోజువారీ అవసరాలకు ఏడాదికి వచ్చే కాంపోజిట్ స్కూల్ గ్రాంటు 25,000 రూపాయలు. అంటే ఒక ఎస్‌జీటీ పోస్టు ఏడాది పాటు ఖాళీగా ఉంటే ఆ బడి పిల్లలకు దక్కకుండా పోయినది దాదాపు పదిహేను గ్రాంట్లతో సమానం. చాక్‌పీసుల బిల్లు మీద గంటసేపు వాదించి, ఖాళీ పోస్టు సంగతి ఎత్తకుండా ముగిసే సమావేశం బడికి మేలు చేయదు. అందుకే పోస్టుల ప్రశ్నను నేను నిధుల ప్రశ్నగానే చూస్తాను.

చిన్న డబ్బును వదిలేయమని దీని అర్థం కాదు. కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరించే సమగ్ర శిక్ష పథకం 2018–19 నుంచి అమల్లో ఉంది. దాని నిబంధనల ప్రకారం కాంపోజిట్ గ్రాంటు 30 మంది వరకు 10,000, 31 నుంచి 100 వరకు 25,000, 101 నుంచి 250 వరకు 50,000, 251 నుంచి 1,000 వరకు 75,000, ఆపైన లక్ష రూపాయలు. ఇందులో కనీసం పది శాతం పరిశుభ్రతకు ఖర్చు చేయాలి. ఇక్కడ కూడా సంఖ్యే నిర్ణయిస్తుంది. నూరు మంది దగ్గర ఆగిన బడికి, నూట ఒక్కరున్న బడికి గ్రాంటులో సగానికి సగం తేడా. దీనికి తోడు గ్రంథాలయానికి, ఆటలకు వేరే గ్రాంట్లున్నాయి. ఆటల గ్రాంటు ప్రాథమిక బడికి 5,000, ప్రాథమికోన్నతానికి 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 వరకు ఉంటుంది. ఇవన్నీ నిబంధనల్లోని అంకెలు. ఆ ఏడాది వాస్తవంగా ఎంత మంజూరైంది, ఎన్ని విడతల్లో విడుదలైంది అన్నది వేరుగా అడిగి, తేదీతో సహా రాసుకోవాలి.

ఖాతా చూసేటప్పుడు ఒక మార్పు గుర్తుంచుకోవాలి. 2021 జూలై నుంచి ఒక్కో కేంద్ర పథకం డబ్బు బడుల ఖాతాల్లో కాకుండా రాష్ట్ర స్థాయిలో ఒకే నోడల్ ఖాతాలో ఉంటుంది. బడికి ఉన్నది జీరో బ్యాలెన్స్ ఖాతా. బడికి డబ్బు బదులు ఖర్చు పరిమితి వస్తుంది, ఆ పరిమితి లోపల చెల్లింపు జరుగుతుంది. కాబట్టి పాస్‌బుక్‌లో సున్నా కనిపించిందని డబ్బు రాలేదని గానీ, ఎవరో తీసేశారని గానీ అనుకోకూడదు. ఎంత పరిమితి, ఏ తేదీన వచ్చింది, దానిలో ఎంత చెల్లించారు, ఆర్థిక సంవత్సరం చివర ఎంత వాడకుండా మిగిలిపోయింది అని అడగాలి. వాడకుండా పోయిన మొత్తం, నా దృష్టిలో, తప్పుగా వాడిన మొత్తం అంత తీవ్రమైన విషయమే.

క్యాష్ బుక్ చదవడం కష్టమైన విద్య కాదు. ఒక పద్దు తీసుకోండి, ఉదాహరణకు కుళాయిల మరమ్మతు. ఆ ఖర్చు చేయాలని కమిటీ తీర్మానం ఉందా అని తీర్మానాల పుస్తకంలో చూడాలి; బిల్లు ఓచర్ ఫైల్‌లో ఉందా చూడాలి; కొన్న వస్తువు అయితే స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కిందా చూడాలి; చివరిగా లేచి వెళ్లి కుళాయి తిప్పి చూడాలి. ఈ నాలుగూ ఒకదానితో ఒకటి కలిస్తే ఆ పద్దు సరైనదే. పది పద్దులు ఇలా చూస్తే బడి లెక్కల అలవాటు ఎలాంటిదో తెలిసిపోతుంది. మార్చి చివరి వారంలో బిల్లులన్నీ ఒక్కసారిగా ఉన్నాయని వెంటనే అనుమానించవద్దు. విడుదలే ఆలస్యమైతే ఖర్చు కూడా అప్పుడే జరుగుతుంది. విడుదల తేదీ పక్కన పెట్టి చూడకుండా ప్రధానోపాధ్యాయుల మీద నింద వేయడం అన్యాయం. చాలా ప్రాథమిక బడుల్లో ఆ బాధ్యత మోస్తున్నవారు తరగతి కూడా చెబుతూ, ఆన్‌లైన్ వివరాలు కూడా తామే నింపుతూ ఉంటారు.

కట్టడాలు, మరమ్మతుల డబ్బు వేరే దారిలో వస్తుంది. 2022 మార్చి 8న ప్రారంభమైన 'మన ఊరు–మన బడి' పథకాన్ని నగరాల్లో 'మన బస్తీ–మన బడి' అన్నారు. 26,065 బడులను మూడు విడతల్లో 7,289.54 కోట్ల రూపాయలతో 12 రకాల పనులతో బాగుచేయాలన్నది దాని లక్ష్యం. మొదటి విడతలో 9,123 బడులు ఉన్నాయి. 2024లో మరమ్మతులు, మరుగుదొడ్లు, తాగునీరు, కరెంటు పనులను పిల్లల తల్లులు సభ్యులుగా ఉండే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు అప్పగించారు. మీ బడి ఏ జాబితాలో ఉంది, ఏ పనులు మంజూరయ్యాయి, అంచనా ఎంత, జరిగిన పనిని కొలిచి రాసే కొలతల పుస్తకంలో ఎంత పని నమోదైంది, ఎంత చెల్లించారు అనే వివరాలు అడిగి తీసుకోవచ్చు. బడి అద్దె భవనంలో ఉంటే మాత్రం పెద్ద మరమ్మతులకు ప్రభుత్వ డబ్బు రావడం కష్టం. అక్కడ మరమ్మతుల కంటే సొంత స్థలం గురించో, దగ్గరి ప్రభుత్వ ఆవరణలో గదుల గురించో అడగడమే పనికొచ్చే ప్రశ్న. రెండు మూడు బడులు పంచుకునే ఆవరణలో మరుగుదొడ్డి ఎవరు కడగాలి, కరెంటు మోటారు ఎవరు బాగుచేయించాలి అన్నది రాతలో లేకపోతే ఎవరూ చేయరు. ఆ బడుల కమిటీలు కలిసి కూర్చుని పంపకాన్ని తీర్మానంగా రాసుకోవాలి.

యూనిఫారాలు, పాఠ్యపుస్తకాలు, భోజనం విషయం త్వరగా చూడవచ్చు. ప్రతి పిల్లకు రెండు జతలు ఏ తేదీన అందాయో, పుస్తకాలన్నీ అందాయో లేదో రాసుకుంటే చాలు. భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్. ఆరు నుంచి ఎనిమిది వరకు 150 గ్రాములు, 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్ ఉండాలి. రిజిస్టర్‌లో తిన్నవారి సంఖ్యను ఆ రోజు హాజరుతో పోల్చి చూడండి. కేంద్రీయ వంటశాల నుంచి బండిలో భోజనం వచ్చే బడుల్లో అది ఎన్ని గంటలకు చేరిందో కూడా చూడాలి.

పిల్లల చదువు చూడటం

ఇక అసలు విషయం. పిల్లలు ఏం నేర్చుకున్నారో తెలుసుకోవడానికి మార్కుల జాబితా అన్నిటికంటే బలహీనమైన సాధనం. ఏడాదిలో జరిగే నాలుగు చిన్న పరీక్షలు (ఎఫ్ఏలు), రెండు పెద్ద పరీక్షల (ఎస్ఏల) జవాబు పత్రాలను బడి టీచర్లే దిద్దుతారు. ఆ మార్కులు ఆ పిల్ల ముందుకు పోతోందా వెనకబడుతోందా చెప్పగలవు గానీ, ఒక బడిని మరో బడితో పోల్చడానికి పనికిరావు. పత్రికల్లో వచ్చే సర్వేల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పిల్లల చదువు స్థాయిని ఇళ్ల దగ్గర పరీక్షించే అసర్ సర్వే గ్రామీణ ప్రాంతాల్లో జరిగేది. అందులోని తెలంగాణ అంకెలు హైదరాబాద్ బడుల గురించి చెప్పవు. జాతీయ సాధన సర్వే 2021 నవంబరు 12న, దాని తర్వాత పరఖ్ సర్వే 2024 డిసెంబరు 4న జరిగాయి; వాటిలో ప్రైవేటు బడులు కూడా ఉంటాయి. ప్రైవేటు బడులు ఇంత ఎక్కువగా ఉన్న నగరంలో జిల్లా సగటు చూసి సర్కారు బడి ఇలా ఉందని చెప్పలేము.

కాబట్టి మీరే చూడాలి. 2021 జూలై 5న మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలని, 9,999 వరకు అంకెలు చదివి రాయాలని లక్ష్యంగా పెట్టింది. రెండో తరగతికి అది 45 నుంచి 60 పదాలు, 999 వరకు అంకెలు. తెలంగాణలో 2022 నుంచి తొలిమెట్టు పేరుతో ప్రాథమిక తరగతుల్లో ఇదే పని జరుగుతోంది. దాని కింద టీచర్లు పిల్లలను స్థాయిలవారీగా పరీక్షించి నమోదు చేస్తారు. ఆ నమోదు పట్టికను కమిటీ సమావేశంలో చూపించమని అడగండి. పిల్లల పేర్లు చదివించవద్దు. ఏ తరగతిలో ఎందరు అక్షరాల దగ్గర ఉన్నారు, ఎందరు పదాల దగ్గర, ఎందరు పేరా చదవగలుగుతున్నారు అన్న లెక్క చాలు. అదే పట్టికను మూడు నెలల తర్వాత మళ్లీ అడిగితే, బడి పిల్లలను ముందుకు నడిపిస్తోందో లేదో తెలుస్తుంది.

ఇంట్లోనూ చూసుకోవచ్చు. పిల్లకు ఇంతకుముందు చదవని పేరా ఒకటి ఇచ్చి, గట్టిగా చదివించి, చదివినదాన్ని తన మాటల్లో చెప్పమనండి. నేర్చుకున్న పాఠమే ఇస్తే కంఠస్థం చేసినదాన్ని చదువుగా పొరబడతాము. 2022–23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చినందున పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క తెలుగో ఉర్దూనో ఉండే ద్విభాషా పాఠాలు వచ్చాయి. ఈ రెండు పక్కలనూ విడివిడిగా చదివించాలి. తెలుగు పక్క బాగా చదివి ఇంగ్లీషు దగ్గర ఆగిపోయే పిల్లకు కావలసింది ఇంగ్లీషులో సాయం. రెండు పక్కలూ చదవలేని పిల్లకు అసలు చదవడమే రాలేదు. ఆమెకు పాఠం కాకుండా అక్షరం నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ఇంట్లో లంబాడీ, ఒడియా, హిందీ మాట్లాడే పిల్లలకు ఈ రెండు భాషలూ బడిలోనే మొదటిసారి ఎదురవుతాయి. వారిని మందబుద్ధులని అనుకోవడం ఘోరమైన పొరపాటు, వారికి ఎక్కువ రోజులు, ఎక్కువ మాట్లాడే అవకాశం కావాలి.

హాజరును తేలికగా తీసుకోవద్దు. నమోదైనవారిలో రోజూ ఎందరు వస్తున్నారో చూడండి. సోమవారాలు, పండుగ మరుసటి రోజు, నెల చివర ఎలా ఉందో వేరుగా చూడండి. చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు 200, ఆరు నుంచి ఎనిమిది వరకు 220 పనిదినాలు ఉండాలి. బడి అన్ని రోజులు తెరిచి ఉన్నా, పిల్ల అందులో మూడో వంతు రోజులు ఇంటి దగ్గర తమ్ముణ్ణి చూసుకుంటూ ఉంటే, ఎంత మంచి టీచరైనా చేయగలిగింది తక్కువ. ఈ పని బడి ఒక్కటే చేయలేదు. బస్తీ మహిళా సంఘాలు చేయగలవు.

పదో తరగతి ఫలితాన్ని చదివేటప్పుడు రెండు విషయాలు చూడాలి. చిన్న బడిలో 20 మంది పరీక్ష రాస్తే ఒక్కొక్కరి విలువ ఐదు శాతం. ఇద్దరు తప్పితే 90, ఎవరూ తప్పకపోతే 100. ఒక ఏడాది అంకె చూసి బడి లేచిందనో కూలిందనో అనకుండా మూడు నాలుగేళ్లు కలిపి చూడాలి. రెండోది ఇంకా ముఖ్యం. ఈ ఏడాది పది రాసిన పిల్లలు రెండేళ్ల క్రితం ఎనిమిదో తరగతిలో ఎందరు ఉన్నారో అడగండి. అప్పుడు 40 మంది ఉండి ఇప్పుడు 26 మంది రాసి అందరూ పాసైతే, నూరు శాతం అన్న బ్యానర్ కట్టే ముందు మిగతా 14 మంది ఎక్కడున్నారో తెలుసుకోవాలి. కొందరు టీసీ తీసుకుని వేరే ఊరికి వెళ్లి ఉంటారు. కొందరు దుకాణాల్లో పనికి కుదిరి ఉంటారు, కొందరు ఆడపిల్లలకు పెళ్లి అయి ఉంటుంది. బడి పనితీరులో వారి లెక్క కూడా ఉండాలి.

కమిటీని పని చేయించడం

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలి. చట్టం ఎనిమిదో తరగతి వరకే వర్తిస్తుంది. తొమ్మిది, పది తరగతులున్న బడికి పాఠశాల యాజమాన్య అభివృద్ధి కమిటీ ఉంటుంది. వీటికి తోడు 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. వాటికి మహిళా సంఘాల సమాఖ్య ప్రతినిధి అధ్యక్షత వహిస్తారు, ప్రధానోపాధ్యాయులు కన్వీనర్‌గా ఉంటారు, పిల్లల తల్లులు సభ్యులుగా ఉంటారు. మీ బడిలో ఏ డబ్బుకు ఏ కమిటీ తీర్మానం కావాలి, ఏ ఖాతా మీద ఎవరు సంతకం చేస్తారు అన్నది మొదటి సమావేశంలోనే స్పష్టంగా తెలుసుకోండి. తెలియకుండా సంతకం చేయవద్దు. చదవడం రాని తల్లి సభ్యురాలైతే తీర్మానాన్ని ఆమె భాషలో చదివి వినిపించిన తర్వాతే వేలిముద్ర తీసుకోవాలని పట్టుబట్టండి. పాతబస్తీలో అది చాలాచోట్ల ఉర్దూ అవుతుంది.

22వ సెక్షన్ ప్రకారం ఈ కమిటీయే పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి. మూడేళ్లకు ఒక ప్రణాళిక, అందులో ఏటేటా ఒక భాగం ఉండాలని, ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం మూడు నెలల ముందే అది సిద్ధం కావాలని కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనలు చెబుతాయి. అంటే డిసెంబరు చివరికల్లా అన్నమాట. సెప్టెంబరు 30 లెక్క చేతికి వచ్చాక అక్టోబరు, నవంబరుల్లో రెండు సమావేశాలు ఈ ఒక్క పనికే పెట్టుకుంటే సరిపోతుంది. ప్రణాళికలో 'బడిని అభివృద్ధి చేయాలి' వంటి వాక్యాలు రాయవద్దు. తరగతివారీగా ఇప్పటి సంఖ్య, రాబోయే మూడేళ్ల అంచనా, దాని ప్రకారం రావలసిన టీచర్లు, ఇప్పుడున్నవారు, కొరత, గదులు, మరుగుదొడ్లు, చదవలేని పిల్లల సంఖ్య, వారికోసం చేయబోయే పని, దానికి కావలసిన డబ్బు అన్నీ అంకెల్లో రాసి, ఒక ప్రతిని డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ కార్యాలయంలో ఇచ్చి ముద్ర వేయించుకున్న రసీదు తీసుకోండి.

జవాబు రాకపోతే

ముందు ప్రధానోపాధ్యాయులతో, తర్వాత కాంప్లెక్స్ ప్రధానోపాధ్యాయులతో మాట్లాడండి; చాలా విషయాలు అక్కడే తేలతాయి. తేలకపోతే రాతపూర్వకంగా డిప్యూటీ ఇన్‌స్పెక్టర్‌కు, డీఈఓకు ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో కూడా ఇవ్వవచ్చు. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద ఇచ్చిన ఫిర్యాదును మూడు నెలల్లో పరిష్కరించాలి. తృప్తి కలగకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

కాగితం కావలసినప్పుడు సమాచార హక్కు చట్టం ఉంది. డీఈఓ కార్యాలయ ప్రజా సమాచార అధికారి పేరిట పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. అభిప్రాయాలు, కారణాలు అడగకుండా రికార్డు అడగాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: 'ఫలానా యూడైస్ కోడ్ గల పాఠశాలలో సెప్టెంబరు 30 నాటికి మంజూరైన, పనిచేస్తున్న, ఖాళీగా ఉన్న పోస్టుల వివరాలు కేటగిరీ, సబ్జెక్టు, మీడియంవారీగా, ఆ పాఠశాల నుంచి ఇతర చోట్లకు డిప్యుటేషన్ లేదా సర్దుబాటుపై పంపిన ఉపాధ్యాయుల ఉత్తర్వుల ప్రతులు, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఆ పాఠశాలకు మంజూరైన, విడుదలైన, ఖర్చయిన గ్రాంట్ల వివరాలు, వినియోగ ధ్రువపత్రాల ప్రతులు.' 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోయినా, అరకొరగా వచ్చినా 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేయాలి. వచ్చిన జవాబును ఇంట్లో దాచుకోకుండా తర్వాతి కమిటీ సమావేశంలో చదివి, ప్రతిని తీర్మానాల పుస్తకానికి జతచేయించండి. ఖాళీ పోస్టు ఉన్నట్టు అందులో తేలితే, ఆ పోస్టు భర్తీని కోరే తీర్మానాన్ని అదే సమావేశంలో, అదే తేదీతో రాయించి డీఈఓకు పంపండి.